పెర్ల్ హార్బర్‌కు ముందు రెండేళ్లు: అమెరికా యుద్ధంలోకి నిజంగా ఎప్పుడు దిగింది?

అడిగిన ప్రశ్నలు మూడు. యూరప్ గొడవలతో తనకు సంబంధం లేదని 1930లలో పక్కకు తప్పుకున్న అమెరికా, 1941 డిసెంబరు 7న ఒక్క పూటలో మనసు మార్చుకుందా? హవాయి దీవుల్లోని అమెరికన్ నౌకాదళ స్థావరం పెర్ల్ హార్బర్ మీద జపాన్ దాడి చేయకపోయి ఉంటే అది రెండో ప్రపంచ యుద్ధంలోకి వచ్చేదే కాదా? దాడి సంగతి అప్పటి అమెరికా అధ్యక్షుడు రూజ్‌వెల్ట్‌కు ముందే తెలుసునని, కావాలనే ఊరుకున్నాడని అంటారే, అందులో నిజమెంత?

డిగ్రీ విద్యార్థులకు ఆధునిక ప్రపంచ చరిత్ర చెప్పినన్నాళ్లూ ఈ మూడింటిలో ఏదో ఒకటి ప్రతి తరగతిలోనూ ఎదురయ్యేది. పాఠ్యపుస్తకాలు ఈ ఘట్టాన్ని రెండు వాక్యాల్లో తేల్చేస్తాయి: అమెరికా తటస్థంగా ఉంది, పెర్ల్ హార్బర్ తరువాత యుద్ధంలో చేరింది. ఆ రెండు వాక్యాల మధ్య రెండేళ్ల కాలం జారిపోయింది. అసలు కథంతా అక్కడే ఉంది కాబట్టి కొంచెం నిడివిగా రాస్తున్నాను.

నా మాట ముందే చెప్పేస్తాను. ఆ మార్పు ఒక్క పూటలో రాలేదు. 1939 నవంబరు నుంచి 1941 నవంబరు దాకా ఒక్కో చట్టంతో, ఒక్కో ఓటింగుతో వచ్చింది. ప్రతి మలుపు దగ్గరా ప్రభుత్వం చెప్పిన కారణం మాత్రం ఒక్కటే: ఇది మనం యుద్ధంలోకి దిగకుండా ఉండటానికే. యుద్ధానికి దూరంగా ఉంటామన్న హామీ మీదే ఆ దేశం యుద్ధం గుమ్మం దాకా నడిచింది. ఆ హామీ అచ్చమైన అబద్ధం కాదు, పూర్తి నిజమూ కాదు.

ఏకాకి విధానం అనగానే ప్రపంచంతో తెగతెంపులు చేసుకున్న దేశాన్ని ఊహించుకోవద్దు. 1898లో స్పెయిన్‌ను ఓడించి ఫిలిప్పీన్స్‌ను తీసుకున్నది ఈ దేశమే. అదే ఏడాది హవాయిని కలుపుకున్నదీ ఇదే. నికరాగువాలో, హైతీలో ఏళ్ల తరబడి సైన్యాన్ని ఉంచింది. వ్యాపారానికైతే హద్దే లేదు. అమెరికన్లు వద్దనుకున్నది యూరప్ దేశాల పొత్తుల్లో ఇరుక్కుని, వాళ్ల యుద్ధాల్లో తమ పిల్లల్ని పోగొట్టుకోవడం. శాశ్వత పొత్తులు పెట్టుకోవద్దని 1796లో జార్జి వాషింగ్టన్ పదవి దిగిపోతూ చెప్పిన హితవు వాళ్లకు దాదాపు వేదవాక్కు.

ఆ వాక్కును ఒకసారి దాటారు, 1917లో. మనల్ని యుద్ధానికి దూరంగా ఉంచిన మనిషి అన్న ప్రచారంతో 1916లో రెండోసారి గెలిచిన ఉడ్రో విల్సన్, మరుసటి ఏప్రిల్‌లోనే జర్మనీ మీద యుద్ధం ప్రకటించమని కాంగ్రెస్‌ను కోరాడు. దాదాపు 1,16,000 మంది అమెరికన్ సైనికులు చనిపోయారు. వారిలో సగానికి పైగా జబ్బులతో, ముఖ్యంగా 1918 ఇన్‌ఫ్లుయెంజాతో పోయినవారే. ఇంత చేస్తే వెర్సాయ్ శాంతి ఒప్పందంలో దక్కినదేమిటి? గెలిచిన దేశాలు వలసలు పంచుకున్నాయి. అమెరికన్ సెనేట్ ఆ ఒప్పందాన్ని తిరస్కరించింది, నానాజాతి సమితిలో చేరలేదు. ఆర్థిక మాంద్యం వచ్చాక బ్రిటన్, ఫ్రాన్స్ యుద్ధ రుణాల వాయిదాలు కట్టడం మానేశాయి. ఫిన్లాండ్ ఒక్కటే కడుతూ పోయింది. రొట్టె కోసం వరుసల్లో నిలబడ్డ జనానికి ఈ ఎగవేత ఎలా తోచి ఉంటుందో వేరే చెప్పాలా?

ఈ చేదులోంచి పుట్టిందే 1934 నాటి సెనేట్ విచారణ కమిటీ. దాని అధ్యక్షుడు ఉత్తర డకోటా సెనేటర్ జెరాల్డ్ నై. ఆయుధాల కంపెనీలనూ, మోర్గాన్ వంటి బ్యాంకులనూ పిలిచి, మొదటి యుద్ధంలో ఎవరెంత లాభం తీశారో ఏడాదిన్నర పాటు కూపీ లాగింది. 1917కు ముందే అమెరికన్ బ్యాంకర్లు మిత్రపక్షాలకు రెండు వందల కోట్ల డాలర్లకు పైగా అప్పు ఇచ్చారన్నది నిజమే. ఆ డబ్బు రాబట్టుకోవడానికే విల్సన్‌ను యుద్ధంలోకి తోశారన్నదానికి కమిటీకి గట్టి ఆధారం దొరకలేదు. అయినా జనం నమ్మారు. లాభాల లెక్కలు అంత పెద్దవిగా ఉన్నప్పుడు నమ్మకుండా ఉండటమే కష్టం.

ఇక్కడ కొంచెం ఆగి చూడాల్సిన విషయం ఉంది. 1935 నుంచి 1937 దాకా వరసగా వచ్చిన తటస్థతా చట్టాలను చదివితే, అవి రాబోయే యుద్ధాన్ని దృష్టిలో పెట్టుకుని రాసినవి కావని తెలిసిపోతుంది. అయిపోయిన యుద్ధానికి రాసినవి. ఆయుధాల వ్యాపారం మనల్ని ఈడ్చుకుపోయింది కదా, అయితే యుద్ధం చేస్తున్న ఏ దేశానికీ ఆయుధాలు అమ్మకూడదు: అది 1935 ఆగస్టు చట్టం. అప్పులు ఈడ్చుకుపోయాయి కదా, అయితే అప్పులివ్వకూడదు: అది 1936. 1915 మే 7న లూసిటానియా ఓడను జర్మన్ జలాంతర్గామి ముంచినప్పుడు 128 మంది అమెరికన్లు పోయారు కదా, అయితే యుద్ధం చేస్తున్న దేశాల ఓడల్లో అమెరికన్లు ప్రయాణమే చేయకూడదు: అది 1937. 1917కు దారితీసిన ఒక్కో దారినీ వెతికి వెతికి మూసేశారు.

చట్టం తెలివైనదే, కానీ దానికి దాడి చేసినవాడూ దెబ్బ తిన్నవాడూ ఒకటే. ఇటలీ ఇథియోపియా మీద పడ్డప్పుడు ఆయుధాలు ఇద్దరికీ బంద్ అయ్యాయి. ముస్సోలినీకి సొంత కర్మాగారాలున్నాయి, ఇథియోపియాకు లేవు. చమురు ఆ నిషేధంలో లేదు కూడా. 1937లో జపాన్ చైనా మీద విరుచుకుపడినప్పుడు ఈ చట్టం చైనానే దెబ్బతీస్తుందని గ్రహించి, రూజ్‌వెల్ట్ ఒక సందు వెతుక్కున్నాడు. రెండు దేశాలూ లాంఛనంగా యుద్ధం ప్రకటించుకోలేదు కాబట్టి యుద్ధమే జరగడం లేదన్నాడు! అలా చట్టాన్ని అమలు చేయకుండా పక్కన పెట్టాడు.

రూజ్‌వెల్ట్‌కు ఈ చట్టాలు ఇష్టం లేకపోతే సంతకాలు ఎందుకు చేశాడని అడగవచ్చు. ఇంట్లో ఆయనకు న్యూ డీల్ ముఖ్యం, అంటే మాంద్యం నుంచి దేశాన్ని గట్టెక్కించే ఆర్థిక కార్యక్రమం. దానికి ఓట్లు వేసే పశ్చిమ, మధ్య రాష్ట్రాల సెనేటర్లలో చాలామంది యుద్ధమంటే పడనివాళ్లే. ఏకాకివాదులంతా మితవాదులనో, హిట్లర్ అభిమానులనో అనుకోవడం సరికాదు. మోంటానా సెనేటర్ బర్టన్ వీలర్ డెమొక్రాట్, కార్మికుల పక్షపాతి. సోషలిస్టు నాయకుడు నార్మన్ థామస్ కూడా యుద్ధాన్ని వ్యతిరేకించాడు. కమ్యూనిస్టులైతే 1941 జూన్ 22న జర్మనీ సోవియట్ యూనియన్ మీద దాడి చేసేదాకా ఇది సామ్రాజ్యవాదుల కొట్లాట అన్నారు, మర్నాటి నుంచి పాట మార్చారు.

ఈ భావన ఎంత బలంగా ఉండేదంటే, విదేశం మీద యుద్ధం ప్రకటించాలంటే ముందు దేశవ్యాప్తంగా ప్రజల ఓటు తీసుకోవాలని ఇండియానా సభ్యుడు లూయిస్ లడ్లో రాజ్యాంగ సవరణ తెచ్చాడు. దేశం మీద దాడి జరిగితే మాత్రం మినహాయింపు. 1938 జనవరిలో దాన్ని చర్చకు తీసుకోవాలా వద్దా అన్న ఓటింగులో 188 మంది తీసుకోవాలన్నారు, 209 మంది వద్దన్నారు. ఇరవై ఒక్క ఓట్ల తేడా.

1939 సెప్టెంబరులో యూరప్‌లో యుద్ధం మొదలయ్యేసరికి అమెరికా పదాతి సైన్యం, వైమానిక దళం కలిపి దాదాపు 1,90,000 మంది. రూజ్‌వెల్ట్ ఆ నెల 3న రేడియోలో మాట్లాడుతూ దేశం తటస్థంగానే ఉంటుందన్నాడు గానీ, ప్రతి అమెరికన్ మనసులో కూడా తటస్థంగా ఉండాలని మాత్రం అడగలేనన్నాడు. 1914లో విల్సన్ సరిగ్గా అదే అడిగాడు. విన్నవాళ్లకు తేడా అర్థమైంది. రెండు నెలల్లో మొదటి మెట్టు పడింది. ఆయుధాలు అమ్మవచ్చు, కాకపోతే డబ్బు రొక్కంగా ముందే కట్టాలి, సరుకు తమ ఓడల్లోనే తీసుకుపోవాలి. కాగితం మీద అందరికీ సమానం. సముద్రం మీద బ్రిటన్ నౌకాదళం ఉండగా జర్మన్ ఓడ న్యూయార్క్ రేవుకు వచ్చి సరుకు ఎత్తుకుపోయేదెలా? ఇంకో వైపు అదే చట్టం అమెరికన్ ఓడలు యుద్ధ ప్రాంతాలకు వెళ్లకూడదంది. అందుకే అటు ఏకాకివాదులూ ఇటు బ్రిటన్ పక్షం వాళ్లూ తామే గెలిచామనుకున్నారు.

1940 జూన్‌లో ఫ్రాన్స్ కూలింది. నన్నడిగితే, ఈ కథలో పెర్ల్ హార్బర్ కంటే పెద్ద కుదుపు ఇదే. ఫ్రాన్స్ సైన్యం ఉన్నంత కాలం అట్లాంటిక్ మూడు వేల మైళ్ల కందకంలా అనిపించింది. ఆరు వారాల్లో ఆ సైన్యం లేకుండా పోయింది. బ్రిటన్ కూడా లొంగిపోయి దాని నౌకాదళం హిట్లర్ చేతికి చిక్కితే? ఆ ప్రశ్న తలెత్తాక కాంగ్రెస్‌లో డబ్బుకు అడ్డు చెప్పినవాళ్లు కనిపించరు. జులైలో రెండు మహాసముద్రాలకూ సరిపడే నౌకాదళం కట్టడానికి చట్టం వచ్చింది. రూజ్‌వెల్ట్ ప్రతిపక్ష రిపబ్లికన్లు ఇద్దరిని, హెన్రీ స్టిమ్సన్‌ను యుద్ధ శాఖకూ, ఫ్రాంక్ నాక్స్‌ను నౌకాదళానికీ మంత్రులుగా తెచ్చుకున్నాడు. సెప్టెంబరు మొదట్లో మొదటి యుద్ధం నాటి యాభై పాత డెస్ట్రాయర్ యుద్ధనౌకలను బ్రిటన్‌కు ఇచ్చి, న్యూఫౌండ్‌లాండ్ నుంచి కరీబియన్ దాకా స్థావరాలకు 99 ఏళ్ల కౌలు రాయించుకున్నాడు. దీన్ని కాంగ్రెస్ ముందుకు తీసుకెళ్లనే లేదు. మన రక్షణ కోసం స్థావరాలు కొన్నానని చెప్పాడు. బేరం లాభసాటిగా కనిపించింది కాబట్టి గోల తక్కువే జరిగింది.

అదే నెల 16న శాంతికాలంలో మొట్టమొదటి నిర్బంధ సైనిక శిక్షణ చట్టం వచ్చింది. ఏడాది పాటే శిక్షణ, పశ్చిమార్ధగోళం దాటించి పంపకూడదు. దాదాపు 1.6 కోట్ల మంది యువకులు పేర్లు రాయించుకున్నారు. అక్టోబరు 29న వాషింగ్టన్‌లో లాటరీ తీశారు. 1917 లాటరీకి వాడిన గాజు పాత్రనే బయటికి తీసి, అందులో అంకెలున్న నీలిరంగు గొట్టాలు పోశారు. డెబ్బై దాటిన స్టిమ్సన్ కళ్లకు గంతలు కట్టారు. ఆయన చేయి పెట్టి ఒకటి తీసి అధ్యక్షుడికి అందించాడు. రూజ్‌వెల్ట్ మైకులో చదివాడు: 158. సభలో కూర్చున్న ఒక తల్లి కేక వేసింది. అది ఆమె కొడుకు అంకె. దేశమంతటా వేల స్థానిక బోర్డుల్లో 158 అంకె పడ్డ ప్రతి కుర్రాడి పేరూ జాబితాలో ముందుకు వచ్చింది.

ఎన్నికలకు సరిగ్గా వారం ముందు. ఏ నాయకుడూ అలాంటి ముహూర్తం పెట్టుకోడు. మర్నాడు బోస్టన్‌లో రూజ్‌వెల్ట్ తల్లిదండ్రులకు మాట ఇచ్చాడు, మీ పిల్లల్ని విదేశీ యుద్ధాలకు పంపబోమని. పార్టీ ప్రణాళికలో 'దాడి జరిగితే తప్ప' అన్న షరతు ఉంది. ప్రసంగంలో దాన్ని తీసేశాడు. సలహాదారులు అడిగితే, మన మీద దాడి జరిగితే అది విదేశీ యుద్ధం ఎలా అవుతుందన్నాడు. లాయరు జవాబు. కానీ అవతల పోటీ చేసిన విల్కీ కూడా అవే హామీలు ఇచ్చాడు. యుద్ధానికి వెళ్దామని చెప్పి ఆ ఏడాది ఎవరూ గెలవలేరు. రూజ్‌వెల్ట్ మూడోసారి గెలిచాడు.

ఎన్నిక అయిన నెల రోజులకు బ్రిటన్ ప్రధాని చర్చిల్ నుంచి పొడవాటి ఉత్తరం వచ్చింది. దాని సారం: రొక్కంగా కట్టడానికి ఇక డాలర్లు లేవు. అప్పులు ఇవ్వకూడదని చట్టం. డిసెంబరు 17న విలేకరుల ముందు రూజ్‌వెల్ట్ ఒక ఉదాహరణ చెప్పాడు. పక్కింటికి నిప్పంటుకుంటే నా తోటలో నీళ్ల గొట్టం ఇస్తాను. 'దీనికి పదిహేను డాలర్లయింది, ఆ డబ్బు ఇటు పెట్టు' అనను. మంట ఆరాక నా గొట్టం నాకు తిరిగి ఇస్తే చాలు. ఇలా పుట్టిన బిల్లే లెండ్-లీజ్. అమ్మకం కాదు, డబ్బు అప్పు కాదు, వాడుకుని తిరిగి ఇచ్చే అరువు. అమెరికా రక్షణకు అవసరమని అధ్యక్షుడు భావించిన ఏ దేశానికైనా ఏ సామగ్రినైనా ఇవ్వవచ్చు.

ఒహాయో సెనేటర్ రాబర్ట్ టాఫ్ట్ దీనికిచ్చిన జవాబు నాకు ఎప్పుడూ నచ్చుతుంది. యుద్ధ సామగ్రి అరువివ్వడం చూయింగ్ గమ్ అరువివ్వడం లాంటిది, తిరిగి ఇచ్చినా ఎవరికి కావాలి అన్నాడు. తర్కంలో టాఫ్టే నెగ్గాడు, ఓటింగులో కాదు. బర్టన్ వీలర్ ఇంకా ఘాటుగా, ఇది ప్రతి నాలుగో అమెరికన్ కుర్రాణ్ని నేలలో కలిపి దున్నేసే పథకమన్నాడు. ధరలు నిలబెట్టడానికి పంటను దున్నించేసిన న్యూ డీల్ మీద ఆ దెబ్బ. రూజ్‌వెల్ట్ మండిపడ్డాడు. 1941 మార్చి 11న బిల్లు చట్టమైంది, మొదటి విడతగా ఏడు వందల కోట్ల డాలర్లు మంజూరయ్యాయి. ఏకాకి విధానం చచ్చింది ఎప్పుడని ఒక్క తేదీ అడిగితే నేను ఈ తేదీ చెబుతాను. ఒక పక్షం ఓడిపోకూడదని చట్టంలో రాసుకున్న దేశాన్ని తటస్థ దేశమనడానికి నోరు రాదు.

అప్పటి గాలప్ ప్రజాభిప్రాయ సర్వేలు చూస్తే జనం మనసు తెలుస్తుంది. 'యుద్ధం ప్రకటిద్దామా' అని అడిగితే పది మందిలో దాదాపు ఎనిమిది మంది వద్దనేవారు. 'మనం యుద్ధంలోకి లాగబడినా సరే బ్రిటన్‌కు సాయం చేయాలా' అని అడిగితే అదే జనంలో మెజారిటీ చేయాలనేవారు. దీన్ని అయోమయం అనను. జరగాల్సింది జరగాలి, కానీ ఆ నిర్ణయం నా నోటి వెంట రాకూడదు అన్నట్టుంది. రూజ్‌వెల్ట్ ఈ నాడి పట్టుకున్నాడు.

అవతలి పక్షం బలమూ తక్కువది కాదు. 1940 సెప్టెంబరులో యేల్ న్యాయశాస్త్ర విద్యార్థులు మొదలుపెట్టిన అమెరికా ఫస్ట్ కమిటీలో ఏడాదిలో ఎనిమిది లక్షల మంది దాకా చేరారు. దాని తొలి మద్దతుదారుల్లో తరువాత అధ్యక్షుడైన జెరాల్డ్ ఫోర్డ్ ఉన్నాడు. కుర్రాడు జాన్ కెనడీ వంద డాలర్ల చందా పంపాడు. సభలకు జనాన్ని రప్పించినవాడు మాత్రం అట్లాంటిక్‌ను ఒంటరిగా ఎగిరి దాటిన చార్లెస్ లిండ్‌బర్గ్. 1941 సెప్టెంబరు 11న అయోవాలోని డిమోయిన్‌లో మాట్లాడుతూ, దేశాన్ని యుద్ధంలోకి నెడుతున్నవాళ్లు ముగ్గురన్నాడు: బ్రిటిషర్లు, యూదులు, రూజ్‌వెల్ట్ ప్రభుత్వం. ఆ రెండో మాటతో సొంత పక్షం వాళ్లే తలలు పట్టుకున్నారు. యుద్ధ వ్యతిరేకతకు ఆ మరక అంటించింది శత్రువులు కాదు, ఆయనే.

ఇప్పుడు 1941 ఆగస్టు 12. ఈ ఒక్క రోజును గుర్తుంచుకుంటే మీ మొదటి ప్రశ్నకు సగం జవాబు దొరికినట్టే. ఏడాది శిక్షణకని తెచ్చిన కుర్రాళ్ల గడువు అక్టోబరుతో ముగియబోతోంది. పొడిగించకపోతే అప్పుడప్పుడే రూపు కడుతున్న సైన్యం చెల్లాచెదురవుతుంది. బ్యారక్‌ల గోడల మీద కుర్రాళ్లు 'ఒహాయో' అని సుద్దముక్కతో రాస్తున్నారు. అక్టోబరులో కొండ దాటి పారిపోతాం అన్న ఇంగ్లిషు వాక్యంలోని మొదటి అక్షరాలు అవి. మరో 18 నెలల పొడిగింపు బిల్లు ప్రతినిధుల సభకు వచ్చింది. అనుకూలం 203, వ్యతిరేకం 202. స్పీకర్ శామ్ రేబర్న్ ఫలితం ప్రకటించి, ఓటు మళ్లీ లెక్కించే అవకాశాన్ని నిబంధనల చాటున చకచకా మూసేశాడు. పెర్ల్ హార్బర్‌కు నాలుగు నెలలు కూడా లేదు.

అదే రోజున రూజ్‌వెల్ట్ న్యూఫౌండ్‌లాండ్ తీరాన చర్చిల్‌తో సమావేశం ముగించుకుంటున్నాడు. అట్లాంటిక్ చార్టర్ అక్కడిదే. యుద్ధంలో లేని దేశం అధ్యక్షుడు, యుద్ధం చేస్తున్న దేశం ప్రధానితో కలిసి 'నాజీ నిరంకుశత్వం అంతమయ్యాక' ప్రపంచం ఎలా ఉండాలో రాశాడు. మనకు సంబంధించిన సంగతి ఒకటుంది. ప్రతి జాతికీ తన ప్రభుత్వాన్ని ఎంచుకునే హక్కు ఉందన్న మూడో అంశం భారతదేశానికి వర్తించదని నెల తిరక్కుండానే చర్చిల్ పార్లమెంటులో తేల్చేశాడు. 203, 202 అని లెక్కపెట్టుకునే భాగ్యం మనకెక్కడిది? 1939 సెప్టెంబరు 3న వైస్రాయ్ లిన్‌లిత్‌గో ఎవరినీ అడగకుండా ఒక్క ప్రకటనతో భారతదేశాన్ని యుద్ధంలోకి దించాడు. అందుకు నిరసనగానే కాంగ్రెస్ మంత్రివర్గాలు రాజీనామా చేశాయి. ఆంధ్ర జిల్లాలు కలిసి ఉన్న మద్రాసు రాష్ట్రంలో రాజాజీ మంత్రివర్గమూ అలా దిగిపోయిందే.

ఆ శరదృతువులో అట్లాంటిక్ మీద కాల్పులు మొదలయ్యాయి. జులై నుంచే ఐస్‌లాండ్‌లో అమెరికన్ మెరైన్లు ఉన్నారు. సెప్టెంబరు 4న గ్రీర్ అనే డెస్ట్రాయర్ మీద జర్మన్ జలాంతర్గామి టార్పెడో వదిలింది. రూజ్‌వెల్ట్ దీన్ని సముద్రపు దోపిడీ అన్నాడు, ఇకపై కనిపిస్తే కాల్చమన్నాడు. గ్రీర్ గంటల తరబడి ఆ జలాంతర్గామిని వెంటాడుతూ దాని జాడను బ్రిటిష్ విమానానికి చేరవేస్తోందని, ఆ విమానం ముందే బాంబులు వేసిందని మాత్రం చెప్పలేదు. రూజ్‌వెల్ట్‌ను మెచ్చుకునేవాళ్లు కూడా ఇక్కడ ఆయన్ని వెనకేసుకు రాలేరు. అక్టోబరు 17న జలాంతర్గామి దాడిలో కార్నీ అనే డెస్ట్రాయర్ మీద 11 మంది చనిపోయారు. 31న రూబెన్ జేమ్స్ అనే డెస్ట్రాయర్ మునిగిపోయి వందకు పైగా నావికులు పోయారు. దేశం అట్టుడికిపోయిందా? లేదు. నవంబరులో అమెరికన్ వాణిజ్య ఓడలకు తుపాకులు బిగించి యుద్ధ ప్రాంతాల్లోకి పంపే చట్టం ప్రతినిధుల సభలో 212–194తో గట్టెక్కింది. 1917ను ఆపడానికి కట్టిన గోడల్లో చివరిది అలా కూలింది.

ఇంతవరకూ జపాన్ పేరు పెద్దగా రాలేదు గమనించారా? రూజ్‌వెల్ట్ చూపంతా జర్మనీ మీదే. యుద్ధం వచ్చింది వేరే సముద్రం నుంచి. జపాన్ తన చమురులో దాదాపు 80 శాతం అమెరికా నుంచే కొనేది. తుక్కు ఇనుము కూడా చాలావరకు అక్కడిదే. చైనాలో కురిసిన బాంబుల వెనుక అమెరికన్ పెట్రోలు ఉందన్నమాట. విమాన ఇంధనం మీద, తుక్కు మీద 1940లో ఆంక్షలు పెట్టారు. 1941 జులైలో జపాన్ దక్షిణ ఇండోచైనాలోకి దిగగానే, ఆ దేశపు ఆస్తులను స్తంభింపజేశారు. చిత్రమేమిటంటే ఆ ఉత్తర్వులో చమురు నిషేధమన్న మాట లేదు. లైసెన్సు ఉంటే కొనుక్కోవచ్చు. కానీ కొనడానికి డాలర్లు కావాలి, అవి స్తంభించిన ఖాతాల్లో ఉన్నాయి, వాటిని విడుదల చేసే కమిటీ సంతకం పెట్టదు. ఆగస్టు నుంచి ఒక్క పీపా కదల్లేదు. నిల్వలు ఏడాదిన్నర, మహా అయితే రెండేళ్లు. చైనా నుంచి వెనక్కి పోవడమో, డచ్చివాళ్ల ఇండోనేషియా చమురు బావులను లాక్కోవడమో తేల్చుకోవాలి. లాక్కోవడానికి వెళ్తే పక్క నుంచి అమెరికన్ నౌకాదళం రాకుండా చూసుకోవాలి. పెర్ల్ హార్బర్ అందుకు. ఆ దక్షిణ సముద్రాల దండయాత్ర తోకే 1942 ఏప్రిల్ 6న కాకినాడకూ విశాఖపట్నానికీ తగిలింది.

మూడో ప్రశ్న ఇక్కడే తేలుస్తాను. జపాన్ దౌత్య సంకేత లిపిని అమెరికన్లు ఛేదించారన్నది నిజం. యుద్ధం వస్తోందని తెలుసన్నదీ నిజం. నవంబరు 27న హవాయితో సహా పసిఫిక్ స్థావరాలకు యుద్ధ హెచ్చరిక వెళ్లింది. అందులో ఊహించిన లక్ష్యాలు ఫిలిప్పీన్స్, థాయ్ తీరం, బోర్నియో. రాయబారుల తంతి సందేశాల్లో నౌకాదళ పథకం ఉండదు. దాడి ఉదయం ద్వీపం ఉత్తర కొసన రాడార్ తెర మీద విమానాల గుంపు కనబడింది. కాలిఫోర్నియా నుంచి రావాల్సిన మన బాంబర్లేలే అనుకున్నారు. ఇది కుట్ర కాదు, ఆదివారం ఉదయపు అలసత్వం. మొదటి తూటా జపాన్ వైపు నుంచే రావాలని స్టిమ్సన్ డైరీలో రాసుకున్న మాటను కుట్రవాదులు చూపిస్తారు. తూటా అవతలి నుంచి రావాలనుకోవడం వేరు, ఎనిమిది యుద్ధనౌకలను వరుసలో కట్టేసి అప్పగించడం వేరు. యుద్ధానికి సాకే కావాలంటే, అప్రమత్తంగా ఉన్న నౌకాదళం మీద దాడి జరిగినా అదే సాకు దొరికేది. పైగా రూజ్‌వెల్ట్‌కు కావలసిన యుద్ధం జపాన్‌తో కాదు.

డిసెంబరు 7న 2,403 మంది అమెరికన్లు చనిపోయారు. ఆ మధ్యాహ్నం సెనేటర్ నై పిట్స్‌బర్గ్‌లో అమెరికా ఫస్ట్ సభలో రూజ్‌వెల్ట్‌ను దుమ్మెత్తిపోస్తున్నాడు. విలేకరి ఒకడు చీటీ అందించాడు. చదివి, పక్కన పెట్టి, కాసేపు ప్రసంగం కొనసాగించాడు. మర్నాడు సెనేట్‌లో యుద్ధానికి అనుకూలంగా 82 ఓట్లు పడ్డాయి, వ్యతిరేకంగా ఒక్కటీ లేదు. ఆ 82లో నై ఓటు ఉంది. ప్రతినిధుల సభలో 388కి ఒకటి. ఆ ఒక్కటి మోంటానా నుంచి ఎన్నికైన జెనెట్ రాంకిన్‌ది. కాంగ్రెస్‌కు ఎన్నికైన మొదటి మహిళ ఆమె. 1917లోనూ వద్దనే ఓటు వేసింది, అప్పుడు ఆమెతో పాటు 49 మంది ఉన్నారు. ఇప్పుడు ఎవరూ లేరు. బయట జనం చుట్టుముడితే టెలిఫోన్ బూత్‌లో దూరి, కాపాడమని కాపిటల్ పోలీసులకు ఫోన్ చేయాల్సి వచ్చింది. నేను శాంతివాదిని కాను, ఆ ఓటు సరైనదనీ అనను. కానీ 24 ఏళ్ల తేడాతో అదే మాట మీద రెండుసార్లు నిలబడ్డ మనిషిని పిచ్చిదని కొట్టిపారేసే పుస్తకాలంటే నాకు చిరాకు.

చాలామంది గమనించనిది ఇంకొకటి. డిసెంబరు 8 నాటి ఆ ప్రకటన జపాన్ మీద మాత్రమే. రూజ్‌వెల్ట్ ప్రసంగంలో జర్మనీ పేరు లేదు. పసిఫిక్‌లో దెబ్బ తిన్న దేశం ముందు జపాన్ సంగతి చూద్దామంటే, బ్రిటన్‌కు వెళ్లే సామగ్రి కూడా అటు మళ్లిపోయేది. చర్చిల్ భయం అదే. నాలుగో రోజున హిట్లరే ఆ చిక్కు విప్పాడు. జపాన్‌తో తన ఒప్పందం ప్రకారం, జపాన్ మీద ఎవరైనా దాడి చేస్తేనే సాయపడాలి. దాడి చేసింది జపానే కాబట్టి ఆయనకు ఏ బాధ్యతా లేదు. అయినా డిసెంబరు 11న తనంతట తాను అమెరికా మీద యుద్ధం ప్రకటించాడు. అట్లాంటిక్‌లో అమెరికా ఎలాగూ పోరాడుతోంది కాబట్టి తన జలాంతర్గాముల చేతులు కట్టేయడం దండగనుకున్నాడు. అప్పటికి మాస్కో ముందు అతడి సైన్యం మంచులో వెనక్కి తగ్గుతోంది. ఆ రోజు కాంగ్రెస్ ఓటింగులో రాంకిన్ అటూ ఇటూ కాకుండా 'హాజరు' అని మాత్రమే చెప్పింది.

కాబట్టి మీ రెండో ప్రశ్నకు నా జవాబు: పెర్ల్ హార్బర్ లేకపోయినా అట్లాంటిక్‌లో అప్రకటిత యుద్ధం సాగేది, ఓడలు మునిగేవి, లెండ్-లీజ్ పెరిగేది. లక్షల సైన్యాన్ని నార్మండీలో దించే యుద్ధం వచ్చేదా అంటే 1942లో అయితే రాదనే అనుకుంటాను. 203–202తో గట్టెక్కిన సభ, రూబెన్ జేమ్స్ మునిగినా 194 మంది వద్దన్న సభ, దానంతట అది యుద్ధం ప్రకటించి ఉండేదని నమ్మడం కష్టం. రెండేళ్ల చట్టాలు దేశాన్ని గుమ్మం దాకా తెచ్చాయి. గుమ్మం దాటించింది టోక్యో, బెర్లిన్.

ఏకాకివాదులు ఏమయ్యారని మీరు అడగలేదు గానీ రెండు మాటలు చెప్పేస్తాను. అమెరికా ఫస్ట్ కమిటీ ఆ వారంలోనే మూతపడింది. నై 1944లో, వీలర్ 1946లో పదవులు పోగొట్టుకున్నారు. మిషిగన్ సెనేటర్ ఆర్థర్ వాండెన్‌బర్గ్ మాత్రం పక్షం మారి, ఐక్యరాజ్య సమితి ఏర్పాటులో ముందు నిలిచాడు. 1945 జులైలో సమితి చార్టర్‌ను సెనేట్ 89–2తో ఆమోదించింది. చూయింగ్ గమ్ టాఫ్ట్ మారలేదు. 1949లో నాటో ఒప్పందం సెనేట్‌కు వచ్చినప్పుడు వ్యతిరేకంగా ఓటు వేసిన 13 మందిలో ఆయన ఒకడు.